జోనాథన్ గారు మెచ్చుకున్న పులుసు

దేవకుమారిని పోయినవారం వంటింటి గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. చేతిలో ఫోను. జర్మన్ వకీలమ్మ ఫ్రౌ బ్రింక్‌మన్ చెప్పిన మాటలు ఇంకా చెవిలో మోగుతున్నాయి. "మీరిద్దరూ అసలు విడిపోనేలేదని మీ భర్త తరఫున చెబుతున్నారు. ఈస్టర్ రోజున కూడా మీరే చేపల పులుసు వండి మీ ఆయనకూ, అతిథికీ వడ్డించారట. ఆ అతిథి కోర్టుకు వచ్చి చెప్పడానికి సిద్ధంగా ఉన్నాడు." గుమ్మానికి అవతల ఆ భర్తగారే, ఫ్రాన్సిస్, అరవైకి దగ్గర పడ్డ మనిషి, నడుముకు తువ్వాలు చుట్టుకుని గిన్నెలో చింతపండు పిసుకుతున్నాడు.

ఈ కథలోకి ఇవాళే అడుగు పెట్టినవాళ్ళ కోసం కాస్త ముందు సంగతి చెప్పాలి. ఊరు జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్. ఫ్రాన్సిస్ కార్ల బ్రేకులు డిజైన్ చేసే ఇంజినీరు, అక్కడి తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద. దేవకుమారిది బాపట్ల. నిరుడు కరోనా మొదట్లో ఆవిడ తల్లి అక్కడ పోయింది. విమానాల్లేవు. భూస్థాపన అంతా ఫోనులో చూస్తూ కూర్చుంది. పెట్టెను గోతిలోకి దించుతున్న సమయానికి హోమ్ ఆఫీసు గదిలోంచి ఫ్రాన్సిస్ వచ్చి, "నాకు మీటింగుంది. అన్నం పెట్టేసి ఏడ్చుకో" అన్నాడు. ఆవిడ లేచింది, పెట్టింది. ఆయనకు వండిపెట్టిన ఆఖరి అన్నం అదే.

ఈ దేశంలో విడాకులు కావాలంటే ముందు ఏడాది పాటు విడిగా బతకాలి. ట్రెన్నుంగ్స్‌యార్ అంటారు దాన్ని. లాక్‌డౌన్‌లో అద్దె ఇల్లు చూపించే నాథుడు లేడు గనక ఒకే ఇంట్లో ఉంటూ కూడా విడిపోవచ్చని వకీలు చెప్పింది. కాకపోతే మంచం వేరు, కంచం వేరు. ఒకరికొకరు వండకూడదు, ఒకరి బట్టలు ఒకరు ఉతకకూడదు. మొగుడు గనక "అబ్బే, మేం కలిసే ఉన్నాం" అన్నాడో, కాదని భార్య రుజువు చెయ్యాలి. చెయ్యలేకపోతే ఆ ఏడాది మళ్ళీ మొదటికొస్తుంది. కోర్టు టెర్మిన్, అంటే వాయిదా, దగ్గర పడుతోంది. ఇంకో ఏడాది ఈ మనిషికి పెళ్ళాంగా ఉండడమా, ఉండకపోవడమా అన్నది ఒక చేపల పులుసు మీద ఆధారపడి ఉంది.

అలా కరెంటు పొయ్యి మీద కుడివైపు రెండు ప్లేట్లు ఆవిడవి, ఎడమవైపు రెండూ ఆయనవి అయ్యాయి. ఫ్రిజ్‌లో పై అరలు ఆవిడవి, కింది అరలు ఆయనవి. మొదట్లో ఫ్రాన్సిస్ బ్రెడ్డూ చీజుతో బింకంగానే నెట్టుకొచ్చాడు. నాలుక చచ్చిపోయాక గిన్నె దించక తప్పలేదు. గుడ్లు పొయ్యి మీద పెట్టి మీటింగులో కూర్చుంటే నీళ్ళన్నీ ఇగిరి గుడ్లు పేలిపోయాయి. బియ్యం కడగాలని తెలియదు. మొదటిసారి ఆవాలు చిటపటలాడినప్పుడు గరిటె వదిలేసి బాల్కనీలోకి పారిపోయాడు. కార్లను ఆపే మనిషికి పోపును ఆపడం చేతకాలేదు. దేవకుమారి అన్నీ చూసింది. నవ్వలేదు, నేర్పలేదు. నేర్పితే అది కూడా వండిపెట్టడం కిందికే వస్తుందేమోనని భయం.

కానీ ఫ్రాన్సిస్ పట్టుబట్టాడు. ఆవిడ వండుతుంటే కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడి ఓరకంట చూసేవాడు. ఆవిడ గిన్నెలో కూర ఒక గరిటెడు తగ్గుతూ ఉండేది. ఆవిడ కనిపెట్టింది. ఆకలికి తింటున్నాడనుకుని ఊరుకుంది. ఇన్నేళ్ళు అన్నం పెట్టిన చెయ్యి కదా, గరిటెడు కూర దగ్గర గొడవ పడలేకపోయింది. అతను తింటున్నది ఆకలికి కాదు. రుచి చూసి, పక్క పొయ్యి మీద తన కూరలో ఉప్పూ పులుపూ సరిచూసుకునేవాడు. చలికాలం వెళ్ళేసరికి పప్పు కుదిరింది, గోంగూర కుదిరింది. ఇదే బుద్ధి పెళ్ళయిన కొత్తలో పుట్టి ఉంటే నాకు ఈ సీరియల్ రాసే పని తప్పేది.

దేవకుమారి లోపలికి వచ్చింది.

"ఈస్టర్ నాడు పులుసు ఎవరు వండారండీ?"

ఫ్రాన్సిస్ వెనక్కి తిరగలేదు. "ఇప్పుడెందుకది?"

"మా వకీలు ఫోన్ చేసింది."

"ఓహో, చెప్పేసిందా?" చింతపండు పిప్పి పిండి చెత్తబుట్టలో పడేశాడు. "నువ్వే వండావు."

"నేనా?"

"జోనాథన్ అన్నయ్య తిన్నాడు కదా, ఆయన్నడుగు. 'చెల్లెమ్మ చేతి పులుసు తిని ఎన్నాళ్ళయిందో' అన్నాడా లేదా? అప్పుడు నువ్వేమన్నావు?"



జోనాథన్ పక్క ఊరు బ్రౌన్‌ష్వైగ్‌లో ఉంటాడు. సంఘంలో అందరికంటే పెద్దవాడు, అందరికీ అన్నయ్య. అప్పట్లో ఇంటికి ఒక్క అతిథే రావాలని రూలు గనక భార్య హెప్సీని ఇంట్లో వదిలేసి ఒక్కడే వచ్చాడు. ఆ పూట వంట మొత్తం ఫ్రాన్సిస్‌దే. దేవకుమారి తన గదిలో ఉంది. గుమ్మంలో అన్నయ్య గొంతు వినబడగానే మాత్రం ఉన్న చీర మార్చుకుని వచ్చేసింది. సంఘంలో ఎవరికీ వీళ్ళు విడిపోయిన సంగతి తెలియదని ఆవిడ నమ్మకం. అతిథి ఇంట్లోకి వచ్చాక ఇల్లాలు గదిలో కూర్చుంటుందా? కంచాలు పెట్టింది. అన్నం వడ్డించింది. ఆయన వేళ్ళు నాక్కుంటూ మెచ్చుకుంటే, "ఇంకో ముక్క వేసుకోండి అన్నయ్యా" అంది.

అంతే అంది. ఇది నేను వండలేదు, మా ఆయన వండాడు, మేం విడిగా ఉంటున్నాం అని చెప్పాలంటే ఆ పూట భోజనం అక్కడితో ఆగిపోయేది. ఎంగిలి చేత్తో ఆయన్ని లేపలేక ఊరుకుంది. మనవాళ్ళలో ఏ ఆడమనిషైనా అదే చేసేది. కడుపులో ఎన్ని ఉన్నా అతిథి కంచం దగ్గర మొహం నవ్వుతూ ఉండాలని చిన్నప్పుడే నేర్పేస్తారు. ఆ నేర్పిన పాఠమే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

"ఆ పూట నేను పొయ్యి దగ్గరికే రాలేదు," అంది. "గిన్నె కుదిపింది మీరు. కారం వేసింది మీరు."

"ఎవరు చూశారు?"

"దేవుడు చూశాడు."

"ఆయన్ని కోర్టుకి పిలువు." ఫ్రాన్సిస్ నూనె పోశాడు. మెంతులు వేశాడు, అవి రంగు తిరగ్గానే ఆవాలు, దంచిన వెల్లుల్లి. చెయ్యి ఎక్కడా తడబడలేదు. "నీకో సంగతి చెప్పనా దేవీ? ఇన్నేళ్ళుగా సంఘంలో నేనేం చెబుతూ వచ్చాను? నాకు మంచినీళ్ళు కాచుకోవడం కూడా రాదు, అన్నీ మా ఆవిడే అని. క్రిస్మస్ విందులో చెప్పాను, పిక్నిక్‌లో చెప్పాను. అందరూ నవ్వారు, నువ్వూ నవ్వావు. ఇప్పుడు జడ్జి ముందు నిలబడి మా ఆయన చేపల పులుసు వండాడండీ అను. మన అబిగెయిల్ కూడా నమ్మదు."

అబిగెయిల్ వాళ్ళ కూతురు, డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉద్యోగం. నిజమే, నాన్న వండుతున్నాడని మొన్నామధ్య చెబితే ఆ పిల్ల పడీపడీ నవ్వి, "క్వాచ్, మమ్మీ!" అని ఫోను పెట్టేసింది. పిచ్చి మాటలు మాట్లాడకు అని అర్థం.

"సరే. ఇప్పుడు నేను వీడియో తీస్తాను. వండండి."

"తియ్యి. పెళ్ళాం చెబితే ఒక పూట సరదాకి గరిటె తిప్పాను అంటాను. ఒక్క పూట వండితే ఏడాదంతా వండినట్టా?"

దేవకుమారి గోడకు ఆనుకుంది.  ఇన్నాళ్ళూ ఆవిడ లెక్క ఒకటే. ఈ మనిషికి తను కావలసింది తిండి కోసం. వంట వచ్చేస్తే, కడుపు నిండితే, తనను వదిలేస్తాడు. అందుకే అతని అన్నం పలుకు మీద దిగిన రోజున లోలోపల సంతోషించింది కూడా.

"ఎందుకండీ ఇదంతా?" అంది. "వంట వచ్చేసింది మీకు. బట్టలు మెషిన్ ఉతుకుతుంది. ఇంక నాతో ఏం పని?"

ఫ్రాన్సిస్ మొదటిసారి ఆవిడ వైపు తిరిగాడు.

"పెళ్ళాం వదిలేసి పోయినవాణ్ణి సంఘం పెద్దగా ఎవరు కూర్చోనిస్తారు? ఎవరింటికి ప్రార్థనకి వెళ్ళినా 'అమ్మగారు రాలేదా' అని అడుగుతారు. ఏం చెప్పను? పక్కవాళ్ళ కాపురాలు చక్కదిద్దినవాణ్ణి నేను. నా ఇంట్లోనే ఇలా జరిగిందని చెప్పుకోనా?" గొంతు తగ్గించాడు. "ఇంకో ఏడాది ఉండు. ఆ తర్వాత చూద్దాం. వయసు మీద పడుతోంది నీకు. ఎక్కడికి పోతావు? అలవాటైపోతుంది."

అయితే వంటమనిషి కూడా కాదన్నమాట తను. గుమ్మానికి వేలాడే బోర్డు.  ఇన్నేళ్ళుగా వడ్డించి, వంకలు విని, మళ్ళీ వడ్డించిన ఒక్కొక్క పూటా గుర్తొచ్చి దేవకుమారికి ఒళ్ళు మండిపోయింది.

అతను చేప ముక్కలు పులుసులో జారవిడిచాడు. గరిటె పెట్టలేదు. గిన్నె చెవులు గుడ్డతో పట్టుకుని మెల్లగా కుదిపాడు. బాపట్లలో దేవకుమారి వాళ్ళమ్మ కుదిపినట్టే, కుడి నుంచి ఎడమకి. చెంచాతో కాస్త పులుసు తీసి, ఊది, ఆవిడ మొహం ముందుకు చాపాడు.

"చూడు. అచ్చం మీ అమ్మ చేసినట్టే వచ్చింది."

దేవకుమారి చేత్తో కొట్టింది. చెంచా వెళ్ళి తెల్లటి టైల్స్ మీద పడింది. గోడంతా ఎర్రగా చిందింది.

"మా అమ్మ మాట నీ నోట రాకూడదు."

ఫ్రాన్సిస్ నిశ్చేష్టుడయ్యాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ అతన్ని 'నువ్వు' అనలేదు. విడిపోయాక కూడా 'మీరు' తప్పలేదు.

"ఏమన్నావ్?"

"సరిగ్గానే విన్నావ్. మా అమ్మని గోతిలో పెడుతుంటే వచ్చి అన్నం అడిగావు. ఇప్పుడు ఆవిడ పులుసు దొంగతనంగా నేర్చుకుని దాంతోనే నన్ను కట్టేద్దామని చూస్తున్నావు. సిగ్గుందా నీకు?"

అతని మొహం ఎర్రబడింది. చెయ్యి లేచింది గానీ, ఎందుకో పొయ్యి కట్టేయడానికి పోయింది. గోడ మీద పులుసు తుడిచాడు. తువ్వాలు విప్పి కుర్చీ మీద పడేశాడు.

"ఆరింటికి ప్రార్థన," అన్నాడు. "మొహం కడుక్కుని రా. నీలం చీర కట్టుకో. అన్నయ్య కూడా ఉంటాడు, వెర్రి వేషాలు వెయ్యకు."

శుక్రవారం సాయంత్రాలు సంఘం ఉపవాస ప్రార్థన జూమ్‌లో జరుగుతుంది. ఉపవాసం విడిచాక తినడానికే ఈ పులుసు. మంచం, కంచం వేరైనా ఆ ఒక్క గంటా మొగుడూ పెళ్ళాలు ఒకే ల్యాప్‌టాప్ ముందు పక్కపక్కన కూర్చుంటారు. ఇన్నాళ్ళూ పరువు కోసం కూర్చుంది దేవకుమారి. ఇవాళ కూడా వచ్చింది. చీర మార్చుకోలేదు. మొహం కడుక్కోలేదు.

తెర నిండా గడులు. సంఘం కుటుంబాలన్నీ ఉన్నాయి. మీటింగు నడిపేది ఫ్రాన్సిస్ అకౌంటు మీదే. జోనాథన్ తన చదువుకునే గదిలో, ఒళ్ళో బైబిలుతో. ఒకే గదిలో రెండు మైకులుంటే కూత పెడతాయని ఆయన భార్య హెప్సీ పడగ్గదిలోంచి వేరే గడిలో కనబడుతోంది. నర్సు ఆవిడ. డ్యూటీకి వెళ్ళే ముందు కాసేపు కూర్చుని వెళ్తుంది. పాట అయింది, వాక్యం అయింది.

"సాక్ష్యాలు చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు జోనాథన్. "లేకపోతే నేను ముగింపు ప్రార్థన చేసేస్తాను."

"నాకొకటి ఉందన్నయ్యా," అంది దేవకుమారి. "మా ఇంటి సంగతి చెప్పాలి. ఏడాది నుంచి నేనూ ఈయనా..."

చెబుతూనే ఉంది. తెర మీద ఒక్క మొహం కూడా మారలేదు. ఎవరో నీళ్ళు తాగుతున్నారు, ఎవరో చంటిపిల్ల జుట్టు సవరిస్తున్నారు. ఆవిడకు అప్పుడర్థమైంది. ఫ్రాన్సిస్ వేలు మౌస్ మీద ఉంది. మైకు ఆపేశాడు. తెరకేసి నవ్వుతూ, నెట్ బాగా లేదన్నట్టు చెవి చూపించాడు. జోనాథన్ అర్థమైందన్నట్టు తలూపాడు.

"వెర్రి వేషాలు వద్దన్నానా?" అన్నాడు ఫ్రాన్సిస్, నవ్వు చెదరకుండా, పెదాలు కదపకుండా.

దేవకుమారి ఒళ్ళో ఉన్న ఫోను తీసి జోనాథన్ నంబరు నొక్కింది.

తెర మీద జోనాథన్ తన జేబు తడుముకోవడం కనిపించింది. ఆయన ఫోను చూసుకుని, ల్యాప్‌టాప్‌కు కాస్త పక్కకి తిరిగి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"వందనాలమ్మా. ఏంటి, నెట్ పోయిందా?"

"అన్నయ్యా, ఈస్టర్ నాడు మీరు తిన్న పులుసు నేను వండలేదు. ఈయనే వండాడు. ఏడాది నుంచి నేనీయనకి ఒక్క పూట కూడా వండలేదు. మీకు తెలియక కోర్టులో చెప్తానన్నారు. నిజం ఇదీ."

జోనాథన్ కళ్ళజోడు తీసి బైబిలు మీద పెట్టాడు.

"నాకు తెలుసమ్మా."

ఆ మాట ఆవిడకు రెండుసార్లు వినబడింది. ఒకసారి ఫోనులో, ఇంకాస్త ఆగి ల్యాప్‌టాప్‌లో. ముగింపు ప్రార్థన కోసం తెరిచి పెట్టుకున్న మైకు ఆయన మూయనేలేదు.

ఫ్రాన్సిస్ కూడా విన్నాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. మౌస్ కోసం చెయ్యి చాపేలోగా దేవకుమారి ల్యాప్‌టాప్‌ను తన వైపు లాగేసుకుంది. "అన్నయ్యా! మైకు! మైకు!" అని అతను తెరలోకి అరిచాడు. ఆ మైకు అతను ఆపేసిందే.

"అక్కడ ఫ్రాన్సిస్ ఏదో కేకలేస్తున్నాడు, మాట తెలియట్లేదు. కంగారు పడొద్దని చెప్పమ్మా," అన్నాడు జోనాథన్ శాంతంగా. "మీ గొడవ నిరుడే చెప్పాడు నాకు. ఆ భోజనం సలహా నాదే. నన్ను పిలువు, అతిథి ముందు చెల్లెమ్మ కాదనలేదు, నేను మెచ్చుకుంటాను, తను ఊరుకుంటుంది, అదే చాలు అన్నాను. నీ మర్యాద నాకు తెలుసు కదమ్మా. సంఘం చీలకూడదు. ఒక్క అబద్ధంతో ఒక కాపురం నిలబడితే దేవుడు క్షమిస్తాడు. కోర్టులోనూ నువ్వే వండావని చెప్తాను. ఈ మాట మాత్రం మనిద్దరి మధ్యే ఉండాలి."

తెర మీద గడుల్లో కదలిక లేదు. నీళ్ళు తాగుతున్నామె గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది. సండే స్కూల్లో పిల్లలకు అబద్ధ సాక్ష్యం పలకకూడదని నేర్పేది ఆ జోనాథనే. పిల్లల్లో కొందరు ఆ గడుల్లో తల్లిదండ్రుల పక్కన కూర్చుని ఉన్నారు.

దేవకుమారికి ఏడుపు రాలేదు. ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని, తన మర్యాద ఎంతవరకు వస్తుందో కొలిచి, దాని మీద వల పన్నారు. ఆ రోజు "ఇంకో ముక్క వేసుకోండి అన్నయ్యా" అన్న తన గొంతే తనకు అసహ్యంగా వినబడింది.

"ఏవండీ," అంది ఒక ఆడగొంతు.

ఫోనులోంచి కాదు. ల్యాప్‌టాప్‌లోంచి. హెప్సీ గడి చుట్టూ పచ్చ గీత వెలిగింది.

"మీ మైకు ఆన్‌లో ఉంది. అందరం విన్నాం. నేనూ విన్నాను."

జోనాథన్ చేతిలో ఫోను కిందికి జారింది. తెరకేసి చూసుకున్నాడు. ఒక్క క్షణంలో ఆయన గడి నల్లబడి మాయమైపోయింది.

"దేవక్కా," అంది హెప్సీ. డ్యూటీ బట్టల్లో ఉంది. చూపు తిప్పుకోలేదు. "టెర్మిన్ ఎప్పుడో చెప్పు. కోర్టుకి నేనొస్తాను. ఇప్పుడు విన్నదంతా చెప్తాను. ఇదొక్కటే కాదు, మా ఇంట్లో..."

హెప్సీ వెనక పడగ్గది తలుపు తెరుచుకుంది. గుమ్మంలో జోనాథన్ నిలబడి ఉన్నాడు.